దంత ప్రథమ చికిత్స కిట్: అసలు సరుకు ఆ చిన్న డబ్బాలోనే

డెంటల్ ఫస్ట్ ఎయిడ్ కిట్ అని అమ్మే జిప్పు సంచుల్లో ఎక్కువ భాగం ఒకే మూసలో ఉంటాయి. చిన్న అద్దం, ప్లాస్టిక్ గరిటె, దూది ఉండలు, లవంగ నూనె సీసా, తాత్కాలిక ఫిల్లింగ్ ముద్ద, ఒక జత గ్లౌజులు, నాలుగైదు గాజుగుడ్డ ముక్కలు. కొన్నింటిలో మాత్రం వీటితో పాటు, ఊడిన పన్ను వేసి ఉంచే మూత డబ్బా కూడా ఇస్తారు. ఆ డబ్బా లేని సంచిని పంటి నొప్పి కిట్ అనాలి తప్ప పంటి దెబ్బల కిట్ అనకూడదు. పిప్పి పన్నుకు కావలసిన సరుకు వేరు, బంతి తగిలి ఊడొచ్చిన పన్నుకు కావలసింది వేరు.

అందుకే ముందు డబ్బా సంగతి. సేవ్-ఎ-టూత్, డెంటోసేఫ్ లాంటివి విడిగానూ దొరుకుతాయి. సేవ్-ఎ-టూత్‌లో ఉండేది హ్యాంక్స్ ద్రవం: ఉప్పు, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం లవణాలు, కాస్త గ్లూకోజు, పీహెచ్‌ను (పులుపు, క్షారాల కొలత) 7.2 నుంచి 7.4 మధ్య నిలిపే బైకార్బొనేట్, ఫాస్ఫేట్. ఇదంతా పన్ను కోసం కాదు, పంటి వేరుకు అంటుకుని వచ్చిన సన్నటి పొర కోసం. పెరియోడాంటల్ లిగమెంట్ అనే ఆ పొర మందం మిల్లీమీటరులో అయిదో వంతు దాకా ఉంటుంది. అందులోని కణాలు బతికి ఉంటేనే పన్ను మళ్ళీ ఎముకకు సరిగా అతుక్కుంటుంది. పొడిగాలిలో గంట గడిస్తే అవి దాదాపు అన్నీ పోయినట్టే. అప్పుడు కూడా డాక్టరు పన్నును పెట్టవచ్చు, ముఖ్యంగా ఎదిగే పిల్లల్లో ఎముక కుంచించుకుపోకుండా పెడతారు. అయితే ఎముక ఆ వేరును నెమ్మదిగా తినేస్తూ పోతుంది. ఎండిపోయిన వేరుకు ఏ ద్రవమూ ప్రాణం పోయదు.

డబ్బా తయారీలో మెచ్చుకోవలసింది లోపలి జల్లెడ బుట్ట. మూత తీసి పన్నును పైనుంచి జారవిడిస్తే అది బుట్టలో పడుతుంది. ఆసుపత్రిలో బుట్టనే పైకి ఎత్తుతారు కాబట్టి పటకారు వేరుకు తగలదు. అదే గాజు గ్లాసులో అయితే పన్ను అడుగున గలగలమంటూ గోడలకు కొట్టుకుంటూ వస్తుంది. నిల్వ కాలం గురించి తయారీదారులు చెప్పేది సేవ్-ఎ-టూత్‌కు 24 గంటలు, డెంటోసేఫ్‌కు 48 గంటలు. ఆ అంకెలు చూసి తీరిగ్గా బయల్దేరవద్దు.

ఎందుకంటే ఊడిన పన్నుకు అన్నిటికంటే మంచి డబ్బా అది ఊడిన గుంటే. ఈ మాట పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండాలి. మామూలుగా లోపలి కాగితంలో నాలుగో వరుసలో ఉంటుంది, లేదా అసలు ఉండదు. చేయవలసింది ఇదీ: పన్నును తెల్లగా కనిపించే పైభాగం దగ్గరే పట్టుకోవాలి, వేరును ముట్టుకోకూడదు. మట్టి అంటితే పాలతోనో సెలైన్‌తోనో మెల్లగా కడగాలి, లేదంటే అదే మనిషి ఉమ్ముతో తడపాలి. బ్రష్షు, సబ్బు, గుడ్డ జోలికి పోకూడదు. ముత్యంలా తోమి తెచ్చారంటే బతకవలసిన పొరను తోమేసినట్టే. ఉబ్బెత్తు వైపు పెదవికి, పల్లపు వైపు నాలుకకు వచ్చేలా తిప్పి, పక్క పంటి ఎత్తుకు వచ్చేదాకా నిదానంగా నొక్కాలి. మడత పెట్టిన గుడ్డను కొరికి పట్టుకోమనాలి. అయిదు నిమిషాల లోపు ఇది జరిగితే డబ్బా మూత తీసే పనే లేదు.

డబ్బా అవసరపడేది ఇలా కుదరనప్పుడే: మనిషి స్పృహలో లేడు, పిల్లవాడు నోరు తెరవనివ్వడు, గుంట చితికిపోయింది. పాలపన్ను అయితే గుంటలో పెట్టనే కూడదు, కింద పెరుగుతున్న కొత్త పన్నుకు దెబ్బ తగులుతుంది. ఆరు నుంచి ఎనిమిదేళ్ళ మధ్య పిల్లల నోట్లో రెండు రకాలూ కలిసి ఉంటాయి. ఏదో తేల్చుకోలేకపోతే డబ్బాలో వేసి తీసుకుపోవడమే మేలు.

మరి పాలు చాలవా? చాలాసార్లు చాలతాయి. ఇంటర్నేషనల్ అసోసియేషన్ ఆఫ్ డెంటల్ ట్రామటాలజీ 2020 మార్గదర్శకాల వరుసలో పాలదే మొదటి స్థానం, తర్వాత హ్యాంక్స్ ద్రవం, ఆపైన గ్లాసులోకి ఉమ్మిన ఉమ్ము, చివర సెలైన్. పాల గాఢత కణాలకు సరిపడేంతలో ఉంటుంది, పైగా ఎక్కడైనా దొరుకుతాయి. చల్లటి తాజా పాలలో కణాలు కొన్ని గంటలు నిలుస్తాయి. మంచినీళ్ళలో లవణాల గాఢత తక్కువ కనుక కణాల్లోకి నీరు చొరబడి అవి పగిలిపోతాయి. అయినా గాలికి వదిలేయడం కంటే నీళ్ళే నయం. నాలుక కింద పెట్టుకుని రమ్మని పిల్లలకు మాత్రం చెప్పకండి, మింగేస్తారు. కాబట్టి ఫ్రిజ్ దగ్గరున్న ఇంటికి ఈ డబ్బా తప్పనిసరి కాదు. ఆటస్థలం, ఈతకొలను, బడి, దూరప్రయాణం, ఇలా పాలు చేతికందని చోట పెట్టిన డబ్బుకు న్యాయం జరుగుతుంది.

ఇక సంచిలోని మిగతా సరుకు. లవంగ నూనె, అందులోని యూజెనాల్ కలిపిన ఫిల్లింగ్ ముద్ద దెబ్బల విషయంలో మేలు కంటే కీడే చేయవచ్చు. ముందరి పన్ను విరిగితే ఆ ముక్కనే కాంపోజిట్ అనే పంటి రంగు ఫిల్లింగ్ పదార్థంతో తిరిగి అతికించవచ్చు. యూజెనాల్ తగిలిన చోట కాంపోజిట్ సరిగా గట్టిపడదు. జివ్వుమంటుందని ముద్ద అద్దుకుని వెళితే డాక్టరు దాన్ని గీకి తీయడంతో మొదలుపెట్టాలి. నూనె చిగుళ్ళకు తగిలితే ఆ చోట చర్మం కాలి తెల్లబడుతుంది కూడా. విరిగిన ముక్కను పాలలోనో సెలైన్‌లోనో తడిగా ఉంచి తీసుకెళ్తే చాలు. ముక్క దొరక్కపోతే ఆ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి: చీలిన పెదవిలో దూరి ఉండవచ్చు, ఊపిరితిత్తుల్లోకి పోయి ఉండవచ్చు, ఎక్స్‌రే తీస్తే గానీ తెలియదు.

గాజుగుడ్డ విషయంలో పిసినారితనం ఎందుకో అర్థం కాదు. పెదవి తెగితే మధ్యమధ్య ఎత్తి చూడకుండా పది, పదిహేను నిమిషాలు అదిమి పట్టాలి. నాలుగు ముక్కలు మొదటి అయిదు నిమిషాలకే తడిసిపోతాయి. పదైనా ఉండాలి. అద్దం బాగుంది, గ్లౌజులు సరే.

కొన్ని సంచుల్లో దవడ కట్టుకోవడానికని సాగే పట్టీ కూడా ఇస్తారు. గడ్డం కింద నుంచి నడినెత్తికి బిగించి కడితే, నోట్లో రక్తం చేరినా వాంతి వచ్చినా మనిషి ఉమ్మలేడు, ఊపిరి ఆడదు. చేత్తో ఆనించి కొద్దిగా ముందుకు వంగి కూర్చోబెట్టడం అంతకంటే భద్రం. పళ్ళు ఎప్పటిలా కలవకపోయినా, కింది పెదవి మొద్దుబారినా, నాలుక కింద రక్తం గడ్డలా నల్లబడినా దవడ విరిగిందని అనుమానించి నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి. గడ్డం నేలకు తగిలి చీలినప్పుడు విరిగేది ఒక్కోసారి చెవి ముందున్న కీలు దగ్గర, దెబ్బ తగిలిన చోట కాదు.

కిట్ చేసే పని ఆసుపత్రి గుమ్మంతో ఆగిపోతుంది. అక్కడ పన్నును 0.4 మిల్లీమీటర్లకు మించని సన్నటి తీగతో పక్క పళ్ళకు రెండు వారాలు అతికిస్తారు, ఎముక కూడా విరిగితే నాలుగు వారాలు. ఎదుగుదల పూర్తయి వేరు కొస మూసుకుపోయిన పన్నుకు రెండు వారాల లోపే రూట్ కెనాల్ మొదలుపెడతారు. టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో అడుగుతారు, ఆ వివరం రాసిన చీటీ కిట్‌లోనే ఉంచండి.

కొనేటప్పుడు గడువు తేదీ కిట్ సంచి మీద కాదు, డబ్బా మీద చూడండి, రెండూ ఒకటి కాకపోవచ్చు. సీలు ఊడి ఉండకూడదు. గులాబీ రంగు ద్రవం ఉన్న రకమైతే ఆ రంగు పీహెచ్ సూచిక, పసుపుకు తిరిగితే లోపల పులిసిందని అర్థం, వాడకండి. డబ్బాను ఎండలో నిలిపే కారులో వదలకండి. గడువు దాటినది పారేసి కొత్తది వచ్చేదాకా ఆ చోట చిన్న పాల ప్యాకెట్ పెట్టుకోండి.