కాండీ నుంచి బదుల్లా దాకా: కిటికీ తెరుచుకునే రైలు ఇంకా ఉంది

చిన్నప్పుడు సెలవులొస్తే కిరండూల్ పాసింజరు ఎక్కి అరకు వెళ్లిన వైజాగ్ వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఆ ప్రయాణం మీద మమకారం ఇంకా పోనివాళ్లు ఒక్కసారి శ్రీలంక వెళ్లి కాండీ నుంచి బదుల్లా వెళ్లే కొండ రైలు ఎక్కండి. నేనైతే అయిదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ అర ఎందుకు తగ్గిందో కింద చెబుతాను.

ముందు టికెట్ సంగతి, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటారు. "ఎలాగూ విమానం ఎక్కి ఇంత దూరం వెళ్తున్నాం, ఏసీ ఫస్టు క్లాసే తీసుకుందాం" అనుకుంటారు. వద్దు. ఏసీ పెట్టెలో కిటికీలు తెరుచుకోవు. చలిగాలి తగలదు, తేయాకు తోటల తడి వాసన రాదు, అమ్ముకునేవాళ్ల కేకలు వినపడవు. సెకండ్ క్లాసు రిజర్వేషన్ చేయించుకోండి, అది దొరక్కపోతే థర్డ్ క్లాసైనా ఫర్వాలేదు. ఏ రోజు ఏ రకం బండి వస్తుందో మన చేతిలో లేదు, పాత పెట్టెలు రావచ్చు, నీలం రంగు చైనా రైలు రావచ్చు, ఏదొచ్చినా సెకండ్, థర్డ్ క్లాసుల్లో మాత్రం కిటికీ తీసుకుని కూర్చోవచ్చు.

మన అరకు రైలుకి 2017లో విస్టాడోమ్ అనే పెద్ద అద్దాల పెట్టె తగిలించారు. పెద్దవాళ్లకి హాయిగానే ఉంటుంది, కాదనను. కానీ బొర్రా దగ్గర టన్నెల్లోకి దూరగానే పెట్టెలో పిల్లలంతా కలిసి "ఓ..." అని అరిచేవాళ్లు, ఆ అరుపు గోడలకి కొట్టుకుని మళ్లీ కిటికీలోంచి మన మీదికే వచ్చేది, గుర్తుందా? అద్దాలు బిగించిన పెట్టెలో ఆ సరదా లేదు. లంకలో ఉంది. మా పెట్టెలో ఉన్న కాలేజీ కుర్రాళ్లు ప్రతి టన్నెల్‌కీ అచ్చం అలాగే అరిచారు, నేనూ వాళ్లతో గొంతు కలిపాను.

నాతో మా పెదనాన్న వచ్చారు. వాల్తేరు డివిజన్లో లోకో పైలట్‌గా చేసి రిటైరయ్యారు, కేకే లైనులో, అంటే అరకు మీదుగా వెళ్లే కొత్తవలస-కిరండూల్ లైనులో, గూడ్సు బళ్లు నడిపిన మనిషి. చిన్న స్టేషన్లో రైలు నెమ్మదించగానే "ఒరే, ఇటు రారా, చూడు చూడు" అని నన్ను భుజం పట్టి తలుపు దగ్గరికి లాక్కెళ్లారు. తెల్ల యూనిఫాంలో స్టేషన్ మాస్టరు, ఆయన చేతిలో పెద్ద రింగు, దానికి కట్టిన తోలు సంచిలో టోకెన్. సింగిల్ లైనులో ఆ టోకెన్ చేతికొచ్చిన రైలుకే ముందుకెళ్లే హక్కు. అది బయట ఉన్నంతసేపు స్టేషన్లో మిషను రెండో టోకెన్ విడుదల చెయ్యదు, కాబట్టి ఎదురుగా ఇంకో రైలు రాదు. ఇంజన్లోని అసిస్టెంటు పాత రింగుని ప్లాట్‌ఫాం మీదికి వదిలేసి, చెయ్యి చాచి కొత్తదాన్ని మోచేతి దాకా ఎక్కించుకున్నాడు, రైలు ఆగనే లేదు. "నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇదేరా మా పని, చెయ్యి కమిలిపోయేది" అన్నారు పెదనాన్న. ఆ తర్వాత ప్రతి స్టేషన్‌కీ ఆయన లేచి నిలబడ్డారు. నాకైతే టికెట్ డబ్బులు అక్కడే వచ్చేశాయి.

అక్కడి పట్టాల వెడల్పు మన బ్రాడ్ గేజే, 5 అడుగుల 6 అంగుళాలు. ఆ దేశంలో మొదటి రైలు 1864 డిసెంబర్ 27న కొలంబో నుంచి అంబెపుస్స దాకా నడిచింది. కాండీకి 1867లో, నాను ఓయకి 1885లో, చివరి బదుల్లాకి 1924లో చేరింది. కొండల మీది కాఫీని కొలంబో రేవుకి దింపడానికి మొదలుపెట్టారు, కాఫీ తోటలు తెగులొచ్చి పోయాక తేయాకు దించారు. మన కేకే లైనూ అంతే కదా, బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని మన పోర్టు నుంచి జపాన్‌కి పంపడానికి వేశారు. రెండూ మనుషుల కోసం వేసినవి కావు, అయినా కొండవాళ్ల బతుకంతా వాటి మీదే నడిచింది. ఇది పెదనాన్న మాట, తోటల్లో ఆకు కోసే తమిళ కూలీల వరస ఇళ్లు పట్టాల పక్కనే కనిపించినప్పుడు అన్నారు.

ఎత్తు చూసుకుంటే మనకంటే వాళ్లదే పైచెయ్యి. మన కేకే లైనులోని శిమిలిగుడ స్టేషన్ వెయ్యి మీటర్లకి కొంచెం తక్కువ, వాళ్ల పట్టిపొల స్టేషన్ దాదాపు 1,900 మీటర్లు. స్వెట్టర్ పైనే పెట్టుకోండి, బ్యాగు అడుగున కాదు. పట్టిపొల దాటాక వచ్చే టన్నెల్‌కి ఇవతల మంచు ముసురు, అవతల ఎండ, సినిమాలో సీను మారినట్టు మారిపోయింది.

తిండికి లోటు లేదు. రొయ్యలు పైన గుచ్చిన వడలు, కొబ్బరి ముక్కలూ ఎండుమిర్చీ వేసి తాలింపు పెట్టిన శనగలు తెస్తారు. నాకిచ్చిన శనగల పొట్లం ఏదో పిల్లాడి లెక్కల నోట్సు కాగితం, ఎర్ర సిరాతో టిక్కులు కూడా ఉన్నాయి. కారం బాగా ఎక్కువ, మంచినీళ్లు దగ్గర పెట్టుకోండి.

ఇక తగ్గించిన అర మార్కు. రిజర్వేషన్ సీట్లు చాలా తొందరగా అయిపోతాయి, మేం దిగిన హోటల్లో ఒకాయన అసలు ధరకి మూడింతలు చెప్పాడు. అలాంటివాళ్ల దగ్గర కొనకండి, తేదీ అనుకోగానే ముందే బుక్ చేసుకోండి. ఆలస్యాలు మామూలే, అదే రోజు సాయంత్రం ఇంకో బండి అందుకోవాలనే ప్లాను పెట్టుకుంటే టెన్షన్ తప్పదు. వానలకి కొండచరియలు విరిగిపడితే లైను మూసేస్తారు, బయల్దేరే ముందు ఎక్కడి దాకా నడుస్తోందో కనుక్కోండి. ఇంకోటి, ఫొటోల కోసం తలుపు బయటికి వేలాడేవాళ్లు. టన్నెల్ గోడ, పక్కనున్న రాయి చాలా దగ్గరగా వస్తాయి, ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. మా పెదనాన్న ఇద్దరు కుర్రాళ్లని చెయ్యి పట్టి లోపలికి లాగి తెలుగులోనే చీవాట్లు పెట్టారు, వాళ్లకి బాగానే అర్థమైంది.

చివరగా, అందరూ బదుల్లాకి ముందొచ్చే ఎల్లా దాకా టికెట్ తీసుకుని అక్కడ దిగిపోతారు. ఫొటోల్లో మీరు చూసే తొమ్మిది కమానుల వంతెన, 1921లో పూర్తయినది, ఎల్లా దాటాకే వస్తుంది. దాని తర్వాత దెమోదర స్టేషన్, అక్కడ రైలు గుండ్రంగా తిరిగి తాను ఆగిన స్టేషన్ కిందనుంచే టన్నెల్లో దూరి వెళ్తుంది. ఎల్లాలో పెట్టె సగానికి సగం ఖాళీ అయిపోయి ఏ కిటికీ కావాలంటే ఆ కిటికీ దొరికింది మాకు. కాబట్టి టికెట్ బదుల్లా దాకా తీసుకోండి.