ఆరంగుళాల ప్రెయిరీ: ఆరేళ్లు వాడిన రంగుల పెట్టె గురించి

ముందు గాలి సంగతి చెప్పాలి. ఈ పెట్టెను ట్రైపాడ్ మీద బిగించి మూత తెరిస్తే, ఆ మూత తెరచాపే. మేముండే అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో గాలి లేని రోజంటూ దాదాపు ఉండదు. కొన్న మొదటి నెలలోనే ట్రైపాడ్‌తో సహా బోర్లా పడింది. కింద మట్టి, దాని మీద రంగులు, వాటి మీద నా బొమ్మ. ఆ బొమ్మ ఇంకా నా దగ్గరుంది, రెండు గడ్డిపరకలు దానికి అతుక్కునే ఉన్నాయి. ఆ రోజు నుంచి ట్రైపాడ్ కింద కొక్కేనికి నీళ్ల సీసాలున్న బ్యాగు వేలాడదీస్తున్నాను. మళ్లీ పడలేదు.

దీన్ని పోషాడ్ బాక్స్ అంటారు. మూతలో 6 × 8 అంగుళాల పలక నిలబడుతుంది, అడుగున రంగులు కలిపే ప్యాలెట్, దాని కింద కుంచెలు. నేను కొన్నది చెక్కది, ఖరీదు నూటముప్పై డాలర్లు. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే ఇందులో ఉన్న తిప్పలు ఈ రకం పెట్టెలన్నిటికీ ఎంతో కొంత ఉన్నవే. ఆరేళ్లలో దీని మీద రెండు వందల పైనే బొమ్మలు వేశాను. దాదాపు అన్నీ ఫ్లింట్ హిల్స్ అనే గడ్డి కొండల్లోనే, ముఖ్యంగా స్ట్రాంగ్ సిటీ పక్కనున్న టాల్‌గ్రాస్ ప్రెయిరీ నేషనల్ ప్రిజర్వ్ అనే రక్షిత గడ్డిమైదానంలో. విచిటా నుంచి గంటకు పైగా కారు ప్రయాణం. ఒకప్పుడు అమెరికా నడుమంతా పరుచుకున్న పొడుగు గడ్డి ప్రెయిరీలో ఇప్పుడు మిగిలింది నూటికి నాలుగు వంతుల లోపే. ఇక్కడ మిగలడానికి కారణం నేల. పైపైనే సున్నపురాయి, చెకుముకిరాయి ఉండటంతో నాగలి దిగలేదు, పశువుల మేతకు వదిలేశారు.

"ఆకాశం, గడ్డి తప్ప ఏముందని అక్కడికి?" అని మా ఆయన మొదట్లో అడిగేవాడు. అమ్మ వీడియో కాల్‌లో ఇప్పటికీ అంటుంది, "మళ్లీ గడ్డేనా? ఒక ఇల్లో చెట్టో వెయ్యవే." అమ్మకు అది మా అనంతపురంలో కొట్టాలకు కప్పే బోద గడ్డిలా కనిపిస్తుంది. నిజానికి బిగ్ బ్లూస్టెమ్ అనే గడ్డి మంచి వానలు పడిన ఏడాది శరత్తుకు మనిషి తల దాటుతుంది.

ఇంత పెద్ద చోటుకు ఇంత చిన్న పలకా అని నాకూ అనిపించింది. మొదటి ఏడాది ఇంట్లో ఉన్న ఈజిల్ (బొమ్మ నిలబెట్టే స్టాండు) మోసుకెళ్లి 16 × 20 కాన్వాస్ మీద వేయబోయాను. ఒక్కటీ పూర్తి కాలేదు. అక్కడ మేఘం నీడ ఒక కొండ మీద పట్టుమని పది నిమిషాలు నిలవదు. ఆకాశం వేసి కిందికి వచ్చేసరికి నేల మీద వెలుగు వేరే. 6 × 8 అయితే ముప్పావుగంటలో అయిపోతుంది, అంటే ఒకే వెలుగులో మొదలై అదే వెలుగులో ముగుస్తుంది. చిన్న సైజు మోయడానికి తేలికని కొన్నాను గానీ, అసలు లాభం ఇది.

గడ్డి విషయంలో మాత్రం చాలాకాలం తప్పే చేశాను. పరక పరకా గీస్తే బొమ్మ చీపుళ్ల కట్టలా తయారవుతుంది. కళ్లు సగం మూసి చూస్తే గడ్డి కనపడదు, రంగు పట్టీలు కనపడతాయి. ముందున్నది వెచ్చగా, దూరపు కొండ నీలి బూడిదగా. ఇప్పుడు నేలకు ఒకటిన్నర అంగుళమే ఇస్తాను, మిగతాదంతా ఆకాశానిదే. ట్యూబులు ఆరే తీసుకెళ్తాను: టైటానియం వైట్, క్యాడ్మియం లెమన్, ఎల్లో ఓకర్, బర్న్ట్ సియెనా, అలిజరిన్ క్రిమ్‌సన్, అల్ట్రామరీన్. ట్యూబులో ఆకుపచ్చ కొనను. అక్టోబర్‌లో లిటిల్ బ్లూస్టెమ్ గడ్డి రాగిరంగుకు తిరిగినప్పుడు బర్న్ట్ సియెనాలో అలిజరిన్ చుక్క, కాస్త తెలుపు చాలు.

మార్చి, ఏప్రిల్ నెలల్లో గడ్డి కాలుస్తారు. కాల్చకపోతే పొదలూ చెట్లూ కమ్మేస్తాయి. కాలిన కొండ కనపడేంత నలుపు కాదు. అల్ట్రామరీన్, బర్న్ట్ సియెనా కలిపితే ఆ రంగు దొరుకుతుంది, నల్ల ట్యూబు పిండితే బొగ్గు పూసినట్టుంటుంది. వానపడితే రెండు మూడు వారాల్లో ఆ నలుపులోంచి పచ్చదనం పొడుచుకొస్తుంది. ఆ పచ్చ కంటికి గుచ్చుకునేంత ఘాటు, క్యాడ్మియం లెమన్ లేకుండా రాదు. ఏడాదిలో నేను ఏది మానుకున్నా ఆ రెండు వారాలు మానుకోను.

నేను వాడేది ఆయిల్ రంగులు. నీళ్లతో కలిపే అక్రిలిక్ కాకుండా ఆయిల్ ఎందుకంటే, ఆ గాలికి అక్రిలిక్ ప్యాలెట్ మీదే ఎండిపోతుంది. ఆయిల్ మధ్యాహ్నం దాకా మెత్తగానే ఉంటుంది. చలికాలం మాత్రం తెల్లరంగు బిగుసుకుపోతుంది, ట్యూబును కోటు లోపలి జేబులో పెట్టుకుని వెచ్చబెట్టాలి. రంగు పలచన చేసే థిన్నర్ తీసుకెళ్లడం మూడో ఏడు మానేశాను. పెట్టెతో పాటు వచ్చిన చిన్న డబ్బా కారి కారు సీటు పాడైంది, ఇప్పుడు కుంచెను టిష్యూతో తుడుస్తాను, అంతే. ఒక జాగ్రత్త: ఆయిల్ రంగుల్లో ఉండే లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) అంటిన గుడ్డలు ఉండచుట్టి పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. నీళ్లు పోసిన రేకు డబ్బాలో వేసి మూత పెట్టండి. ఎండుగడ్డి మధ్య ఈ మాట ఇంకో రెండుసార్లు చెప్పినా తప్పులేదు.

ఇక పెట్టె లోపాలు. తడి బొమ్మలు పెట్టుకునే గాడుల మధ్య ఎడం చాలదు. మా రాష్ట్రంలోనే ఉన్న లిండ్స్‌బోర్గ్‌లో చిత్రకారుడు బిర్గర్ సాండ్‌జెన్ గ్యాలరీ చూసొచ్చాక ఈ ఇబ్బంది బాగా తెలిసింది. ఆయన 1894లో స్వీడన్ నుంచి వచ్చి ఆ ఊరి బెథనీ కాలేజీలో చేరి, అక్కడే యాభై ఏళ్లకు పైగా బోధించాడు. ఆయన రంగు వెన్నముద్దల్లా లేచి ఉంటుంది. ఆ మోజులో నేనూ నైఫ్‌తో దట్టంగా వేస్తే, ఇంటికొచ్చేసరికి ఒక బొమ్మలో ఆకాశం ఇంకో బొమ్మ వెనకాల ఉంది. ఇప్పుడు పలకల మూలల్లో సీసా బిరడా ముక్కలు పెడతాను. ప్యాలెట్ కూడా చిన్నదే, ఆకాశానికి కలిపిన రంగు గడ్డి రంగులోకి పాకుతుంది. మూతను పట్టి ఉంచే మర రెండో ఏడాదే వదులైంది, మూత మెల్లగా వెనక్కి వాలిపోయేది. హార్డ్‌వేర్ షాపులో రబ్బరు వాషర్లు కొని వేశాను, ఖర్చు రెండు డాలర్లు.

పలకలు బయట కొంటే ఖర్చు. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున్న హార్డ్‌బోర్డ్ కోయించుకుంటే, రంపం తినేది, అంచుల్లో మిగిలే ముక్కలు పోను డెబ్భై ఏడు వస్తాయి. రెండు వైపులా జెస్సో (రంగు పట్టడానికి ముందు వేసే తెల్ల పూత) పూయాలి, ఒకవైపే పూస్తే వంగుతాయి.

ఐదుకు మూడున్నర ఇస్తాను. ఇంట్లో కూర్చుని వేసేవాళ్లకు ఇది అనవసరం. గడ్డిలో నిలబడి వేయాలనుకుంటే కొనండి. కొనేముందు మూతను సగం తెరిచి వేలితో నొక్కి చూడండి, కదిలితే వద్దు. జూన్‌లో వెళ్తే ప్యాంటును సాక్సుల్లోకి దోపుకోండి. చిగ్గర్లనే పురుగులు కంటికి కనపడవు, కుట్టినచోట వారం రోజులు దురద. రంగులు కలిపిన చేత్తో గోక్కోవడం కుదరదు కదా.