పాత విండో ఏసీకి "కొత్త" కంప్రెసర్ వేయిస్తున్నారా? డబ్బు కట్టే ముందు ఇవి చూడండి

ఎండలు ముదిరాయంటే పదేళ్లు దాటిన విండో ఏసీలున్న ఇళ్లలో ఒకే రకం మోసం మొదలవుతుంది. ఫ్యాన్ తిరుగుతుంది, చల్లగాలి రాదు. రిపేరుకు వచ్చినాయన రెండు నిమిషాలు చూసి "కంప్రెసర్ పోయింది సార్, ఈ మోడల్ ఇప్పుడు రావట్లేదు, మా దగ్గర ఒక్క పీసుంది" అంటాడు. వేలకు వేలు తీసుకుని, ఎక్కడో విప్పిన కంప్రెసర్‌కు నల్లరంగు కొట్టి బిగించి పోతాడు. చాలాసార్లు అసలు పోయింది కొన్ని వందల్లో వచ్చే రన్ కెపాసిటరే, అంటే కంప్రెసర్ మోటారు తిరగడానికి సాయపడే చిన్న డబ్బా.

దాన్ని పోల్చుకోవడం తేలికే. కంప్రెసర్ కొన్ని క్షణాలు గుయ్యిమని మూలిగి, ఠక్కుమని ఆగి, కాసేపటికి మళ్లీ మూలుగుతుంటే మొదట అనుమానించాల్సింది కెపాసిటర్‌నే. ప్లగ్ పీకేసి, పాతకాలపు ఫిలమెంటు బల్బు వైర్లను టెర్మినళ్లకు తాకించి అందులో మిగిలిన కరెంటు పోగొట్టాకే చెయ్యి పెట్టండి. తర్వాత వైర్లు తీసి కెపాసిటెన్స్ చూపే మీటరుతో కొలవండి. టన్నున్నర ఏసీ కంప్రెసర్‌కు మోడల్‌ను బట్టి 36 నుంచి 50 మైక్రోఫారడ్‌లు, ఫ్యాన్ మోటారుకు 4 నుంచి 6 దాకా ఉంటాయి. 45 అని రాసి ఉన్నది 42 కంటే తక్కువ చూపిస్తే మార్చాల్సిందే. కొత్తది అదే విలువలో, 440 వోల్టులకు తగ్గకుండా తీసుకోండి. డబ్బా మీది అంకెను నమ్మకుండా కౌంటర్ దగ్గరే మీటరు పెట్టించండి. ఇంకో మాట: సీలింగ్ ఫ్యాన్ అలవాటుతో మనం కెపాసిటర్‌ను కండెన్సర్ అంటాం. ఏసీ షాపులో కండెన్సర్ అంటే వెనకాల ఉండే పెద్ద కాయిల్. ఆ పొరపాటుతో ధర అడిగితే గుండె గుభేలుమంటుంది.

కెపాసిటర్ బాగుంటే కంప్రెసర్ చూడాలి. సి (కామన్), ఎస్ (స్టార్ట్), ఆర్ (రన్) అని మూడు టెర్మినళ్లుంటాయి. వైర్లు తీసి, కంప్రెసర్ పూర్తిగా చల్లారాక ఓమ్ మీటరు పెట్టాలి. సి-ఆర్ అన్నిటికన్నా తక్కువ, సి-ఎస్ కాస్త ఎక్కువ, ఎస్-ఆర్ ఆ రెండిటి మొత్తం. మొదటిది 2, రెండోది 3 వస్తే మూడోది 5 రావాలి. ఏ టెర్మినల్ నుంచైనా కంప్రెసర్ బాడీకి రీడింగ్ వస్తే వైండింగ్ (లోపలి మోటారు తీగ చుట్టలు) కాలినట్టే. ఈ మూడు అంకెలూ మీకు చూపించకుండా "పోయింది" అన్నవాడి మాట తీసుకోవద్దు. పైన టోపీ కింద ఉండే ఓవర్‌లోడ్ (కంప్రెసర్ మరీ వేడెక్కితే కరెంటు ఆపే భాగం) కూడా విడిగా పోతుంటుంది, అది చిన్న ఖర్చు.

నిజంగానే కంప్రెసర్ మార్చాల్సి వస్తే, సికింద్రాబాద్ రాణీగంజ్ మార్కెట్‌కు వెళ్లినా ఆన్‌లైన్‌లో తెప్పించినా రాగి గొట్టాల కొసలు చూడండి. కొత్తదానికి రబ్బరు మూతలు బిగించి ఉంటాయి, తీయగానే లోపలి నైట్రోజన్ బుస్సుమంటుంది. కొసల్లో పాత వెల్డింగ్ మరకలు, కోసిన గుర్తులు, రంగు కింద తుప్పు, కమురు వాసన కొట్టే ఆయిల్ కనిపిస్తే అది వాడేసిన పీసు. ఆర్22, ఆర్32, ఆర్410ఏ అనేవి ఏసీలో నింపే గ్యాస్‌ల పేర్లు. ఆర్32, ఆర్410ఏ కంప్రెసర్లు ఆర్22 ఏసీకి పనికిరావు. ఆయిల్ వేరు, ప్రెజర్ వేరు. "ఏదైనా ఒకటే సార్" అనేవాళ్లున్నారు, వాళ్ల దగ్గర కొనొద్దు.

గ్యాస్ దగ్గర మరీ జాగ్రత్త, ఇది ప్రాణాల సంగతి. 2025 జనవరి 1 నుంచి మన దేశంలో కొత్త ఏసీల తయారీకి ఆర్22 వాడకూడదు. పాతవాటి రిపేరుకు ఆ నిషేధం లేదు. ఆర్22 బంద్ అయిందని చెప్పి ప్రొపేన్ కలిసిన గ్యాస్ ఎక్కిస్తే అది అంటుకునే గ్యాస్. పాత ఏసీలో స్విచ్, థర్మోస్టాట్, రిలే నిప్పురవ్వలు పుట్టిస్తాయి. సిలిండర్ మీది పేరు చదవండి. గ్యాస్‌ను నేమ్‌ప్లేట్ మీద రాసిన గ్రాముల ప్రకారం కాటా మీద తూచి ఎక్కించాలి, అంతకుముందు వ్యాక్యూమ్ పంప్ పెట్టి గొట్టాల్లోని గాలి, తేమ తీసేయాలి. విండో ఏసీ కంపెనీ నుంచే సీలు చేసి వస్తుంది. ఏటా గ్యాస్ తగ్గుతోందంటే ఎక్కడో లీకుంది, దాన్ని మూయకుండా నింపితే డబ్బు గాలికే.

ఫ్యాన్ మోటారుకు రెండు వైపులా షాఫ్ట్ ఉంటుంది. షాఫ్ట్ మందం, రెండు వైపుల పొడవు, తిరిగే దిశ, ఎన్ని స్పీడ్‌లు, బిగించే బోల్టుల దూరం అన్నీ కలవాలి. అందుకే పాతది పట్టుకెళ్లండి. వెనక రెక్క చుట్టూ ఉండే రింగు అడుగున చేరిన నీళ్లను ఎత్తి కాయిల్ మీద చల్లుతుంది. రింగు లేని రెక్క అంటగడితే కూలింగ్ తగ్గుతుంది, నీళ్లు గదిలోకి కారే ప్రమాదం కూడా ఉంది.

కంపెనీ సర్వీస్ సెంటర్ నంబరు నెట్‌లో వెతకొద్దు, నకిలీవి బోలెడు. వారంటీ కార్డు మీదిదే వాడండి. బిల్లులో మోడల్, సీరియల్ నంబరు, గ్యాస్ పేరు, గ్రాములు రాయించండి. విప్పిన పాత కంప్రెసర్‌ను మీ దగ్గరే ఉంచుకోండి. వైండింగ్ రాగిదైతే పాతసామాన్ల కొట్లో దానికి ధర పలుకుతుంది. వాళ్లకు వదిలేస్తే రేపు రంగు పూసుకుని ఇంకో ఇంటికి "కొత్త పీసు"గా చేరేది అదే.