స్ప్రే డ్రోన్‌లో 22,000 ఎంఏహెచ్ లైపో జత: రెండు మిర్చి సీజన్ల తర్వాత

గుంటూరు చుట్టుపక్కల మిర్చి, పత్తి చేలకు మందు కొట్టే పది లీటర్ల డ్రోన్‌లో రెండు 6ఎస్ (ఒక్కోదాంట్లో ఆరు సెల్స్) లైపో, అంటే లిథియం పాలిమర్ బ్యాటరీ ప్యాకులు సిరీస్‌లో కలిపి వాడాం, మొత్తం పన్నెండు సెల్స్. సత్తువకు వంక పెట్టలేం. నిండు ట్యాంకుతో లేచినా వోల్టేజీ దబ్బున పడదు. తంటా అంతా జతతోనే.

మా రిమోట్ స్క్రీన్ మీద కనిపించేది మొత్తం వోల్టేజీ మాత్రమే. 44.4 చూపిస్తే సెల్‌కు 3.7 ఉందిలే అనుకుంటాం. పదకొండు సెల్స్ 3.74 దగ్గర, ఒకటి 3.3 దగ్గర ఉన్నా కూడితే ఇంచుమించు అంతే వస్తుంది. గాల్లో కొంప ముంచేది ఆ ఒక్కటే. అందుకే దిగిన ప్రతిసారీ బ్యాలెన్స్ వైరుకు (ప్యాకులోని ప్రతి సెల్‌కూ కలిసే సన్న వైర్ల గుత్తి) ఒక్కో సెల్ వోల్టేజీ చూపే సెల్ చెకర్ పెట్టాలి. సెల్స్ మధ్య తేడా 0.05 వోల్టు దాటితే కన్నేసి ఉంచండి. 0.1 దాటితే ఆ జతను చేలోకి తీసుకెళ్లొద్దు. ప్యాకుల మీద 1ఏ, 1బి అని మార్కర్‌తో రాసుకోండి. ఒకటి ఉబ్బితే రెండూ మార్చాల్సిందే, జేబుకు చిల్లే. పాతదానికి కొత్తది కలిపితే పాతది ముందే ఖాళీ అయిపోతుంది.

వేడి సంగతి. దిగిన ప్యాకు 40 డిగ్రీల లోపుకు వచ్చేదాకా నీడన, ఒకదానికొకటి తగలకుండా ఉంచి, ఆ తర్వాతే ఛార్జింగ్. తడి గోనెపట్టా కప్పేవాళ్లున్నారు, నీళ్లు కనెక్టర్లోకి పోతాయి, వద్దు. ఛార్జింగ్ 1సి (గంటలో నిండే వేగం) అంటే 22 ఆంపియర్లు, ప్యాకుకు దాదాపు 550 వాట్లు. రెండూ ఒకేసారి పెడితే 1 కేవీఏ జనరేటర్ గుడగుడలాడి ఆగిపోతుంది. 2 కేవీఏ తెచ్చుకోండి. ఎండలో తలుపులేసిన కారులో మాత్రం నిమిషం కూడా ఉంచొద్దు.

కనెక్టర్లకు మందు తుంపర పట్టి లోహం నల్లబడుతుంది. అక్కడ నిరోధం పెరిగి, వేడెక్కి, ప్లాస్టిక్ మెత్తబడుతుంది. సాయంత్రం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే చాలు.

ఎక్కువ ప్యాకులు పాడయ్యేది చేలో కాదు, ఇంట్లో. తెల్లారి పని ఉందని రాత్రే నిండా ఎక్కిస్తాం. తెల్లారేసరికి ముసురు. నాలుగు రోజులు సెల్‌కు 4.2 వోల్టుల (నిండు ఛార్జి) మీదే ఉంటే ఉబ్బు మొదలవుతుంది. వాన వెలిశాక ట్యాంకులో నీళ్లు పోసి, గట్టు పక్కన ఖాళీ చోట నాలుగైదు నిమిషాలు గాల్లో నిలబెట్టి, సెల్‌కు 3.85కు దించి దాచండి. ఛార్జర్లో స్టోరేజ్ మోడ్ ఉంది గానీ, ఇంత పెద్ద ప్యాకును దించడానికి గంటలు పడుతుంది.

ఉబ్బినదాన్ని పొడవొద్దు, నొక్కొద్దు. ఛార్జింగ్ చోట పొడి ఇసుక రెండు బకెట్లు, పొడుగు పటకారు ఉండాలి.