జాఫ్నా వ్యాపారుల మాటను గుంటూరుకు చేర్చే సేవ: ఏడాది వాడిన తరువాత

మేము గుంటూరు మిర్చి యార్డులో 334 రకం మిరపకాయలు కొని, తొడిమ తీయించి, శ్రీలంకకు ఎగుమతి చేసే చిన్న వ్యాపారులం. 2022లో మార్చి, మే నెలల మధ్య ఆ దేశపు రూపాయి డాలరుకు 200 స్థాయి నుంచి 360 దాకా పడిపోయినప్పుడు మాకు రావలసిన బాకీ ఎనిమిది నెలలు నిలిచిపోయింది. కొలంబోలోని కొనుగోలుదారుడు ఎంతో నిజాయితీపరుడు, కానీ ఆయన బ్యాంకు దగ్గర డాలర్లు లేవు. ఆ దెబ్బ తరువాత, సరుకు చివరికి ఎవరి దుకాణానికి చేరుతుందో ఆ దుకాణదారుడి పరిస్థితి తెలియకుండా అరువు ఇవ్వకూడదని నిర్ణయించుకున్నాము. అరండల్‌పేటలోని ఒక చిన్న కార్యాలయం నడిపే సమాచార సేవలో చేరడానికి కారణం అదే.

మూడు నెలలకు రుసుము 6,000 రూపాయలు. వారు పదిహేను రోజులకు ఒకసారి శ్రీలంక ఉత్తర ప్రాంతంలోని జాఫ్నా, కిళినొచ్చి, వవునియా పట్టణాల్లోని పన్నెండు మంది వ్యాపారులకు ఫోన్ చేస్తారు. వారిలో టోకు వర్తకులు, కారం మిల్లుల వారు, లారీ యజమానులు, ఒక లాడ్జి యజమాని ఉన్నారు. అందరినీ అవే ఐదు ప్రశ్నలు అడిగి, చెప్పినదాన్ని చెప్పినట్టుగా తెలుగులో రాసి పంపుతారు. నెలకు ఒకసారి వారిలో ఒకరితో మనమే గంటసేపు మాట్లాడవచ్చు. పుత్తూరు నుంచి వచ్చిన ఒక అబ్బాయి తమిళం నుంచి తెలుగులోకి చెబుతాడు.

నివేదికలో వృద్ధి రేట్ల ప్రస్తావన దాదాపు ఉండదు. నా దృష్టిలో ఈ సేవకున్న అసలు విలువ అదే. 2009 మేలో ఎల్‌టీటీఈతో యుద్ధం ముగిసిన తరువాత శ్రీలంక ఆర్థిక వ్యవస్థ కొన్నేళ్లు ఏటా 8 శాతం పైగా పెరిగిందని మనం పత్రికల్లో చదివాము. అదే కాలాన్ని ఉత్తర ప్రాంతపు దుకాణదారులు ఇంకో రకంగా గుర్తు చేసుకుంటున్నారు. జాఫ్నాను దక్షిణాదితో కలిపే ఏ9 రహదారి తెరుచుకోగానే కొలంబో నుంచి బిస్కెట్లు, సబ్బులు, పొట్లాల మసాలాలు తక్కువ ధరకు వచ్చి పడ్డాయని, యుద్ధకాలంలో ఊరికి సరుకు అందించిన చిన్న తయారీదారులు ఆ పోటీకి నిలవలేకపోయారని, బ్యాంకులు, లీజింగ్ సంస్థలు వెంటవెంటనే శాఖలు తెరిచి వాహనాలకూ ఫ్రిజ్‌లకూ అప్పులిచ్చాయే గాని మిల్లు పెట్టుకోవడానికి తక్కువ వడ్డీకి అప్పు ఇచ్చినవారు అరుదని వారిలో చాలామంది చెప్పారు. 2014 అక్టోబరులో జాఫ్నాకు రైలు తిరిగి వచ్చిన రోజును మాత్రం అందరూ సంతోషంగానే తలుచుకున్నారు. ఆ తరువాత 2022 సంక్షోభం వచ్చింది. ఆ ఏప్రిల్‌లో అక్కడి కేంద్ర బ్యాంకు వడ్డీ రేట్లను ఒక్కసారిగా 7 శాతం పాయింట్లు పెంచడంతో, యుద్ధం నుంచి కోలుకుంటున్న వ్యాపారాలు రెండోసారి కుంగిపోయాయి. 2023 మార్చిలో అంతర్జాతీయ ద్రవ్య నిధి సాయం మంజూరైన తరువాత డాలర్ల కొరత తగ్గిందని వారు ఒప్పుకుంటారు. అయితే 2024 జనవరి నుంచి 18 శాతమైన విలువ ఆధారిత పన్ను, పెరిగిన కరెంటు బిల్లు తమ లాభాన్ని తినేస్తున్నాయన్నది వారి ఆవేదన.

నేను మాట్లాడినవారిలో కిళినొచ్చిలో కారం మిల్లు నడిపే ఒకామె మాటలు నాకు ఎక్కువగా ఉపయోగపడ్డాయి. "అమ్మా, మా కాయ రంగు మీకు నచ్చిందా?" అని అడిగాను. తమ వైపు కారప్పొడికి మిరపకాయలను ధనియాలు, సోంపు, జీలకర్రతో పాటు ముదురు రంగు వచ్చేదాకా వేయిస్తారని, కాబట్టి ఆ పొడికి రంగు కన్నా ఘాటు ముఖ్యమని, ముక్కలుగా దంచి అమ్మే కారానికి మాత్రమే ఎర్రటి కాయ కావాలని ఆమె ఓపికగా వివరించారు. ఇన్నేళ్లుగా మేము రంగు కోసం ఎక్కువ ధర పెట్టి కొన్న సరుకులో కొంత భాగం వేయించే మంగలంలోనే మాడిపోయిందన్నమాట. అంతకన్నా విలువైన మాట ఇంకొకటి చెప్పారు. సంక్షోభానికి ముందు 250 గ్రాముల పొట్లం కొన్నవారు 2022లో 50 గ్రాములకు దిగారని, ఇప్పుడు 100 గ్రాములు అడుగుతున్నారని, మళ్లీ 250 అడిగిన రోజున కొత్త గ్రైండర్ కొంటానని అన్నారు. ఎంత అరువు ఇవ్వవచ్చో తేల్చుకోవడానికి నాకు ఇంతకంటే నమ్మదగిన కొలత ఇంతవరకు దొరకలేదు.

లోపాలూ చెప్పాలి. పన్నెండు మందిలో ముల్లైతీవు, మన్నారు జిల్లాల వారు ఒక్కరూ లేరు. యుద్ధం చివరి నెలలను అనుభవించిన ముల్లైతీవు గొంతు వినకుండా ఉత్తర ప్రాంతం కోలుకుంటోందనో లేదనో రాయడం సరికాదు. మహిళలు కూడా ఇద్దరే ఉన్నారు. ఆ ప్రాంతంలో భర్తను కోల్పోయి కుటుంబాన్ని, చిన్న వ్యాపారాన్ని ఒంటరిగా నెట్టుకొస్తున్న స్త్రీలు ఎందరో ఉన్నారు. సూక్ష్మ రుణాల భారం గురించి వారిని అడిగితేనే అసలు సంగతి తెలుస్తుంది. రెండో లోపం ఆలస్యం. యార్డులో టిక్కీలు (మిరప బస్తాలు) కొండల్లా పేరుకుపోయే మార్చి నెలలో ఒక నివేదిక తొమ్మిది రోజులు ఆలస్యంగా అందింది. కొనుగోలు నిర్ణయాలన్నీ జరిగే ఆ రోజుల్లో అలాంటి ఆలస్యాన్ని నేను తేలికగా తీసుకోలేను. అడిగినప్పుడు క్షమించమన్నారు, ఆ పక్షం రుసుము తిరిగి ఇచ్చారు.

రవాణా సమాచారం మాత్రం బాగుంటుంది. తమిళనాడులోని నాగపట్నం, జాఫ్నా దగ్గరి కంకేశన్‌తురై రేవుల మధ్య 2023 అక్టోబరులో ప్రయాణికుల ఓడ మొదలైనా, మన సరుకు ఇప్పటికీ కొలంబో రేవులో దిగి లారీలో ఉత్తరానికి వెళ్లవలసిందే. ఎదుటి తీరం అంత దగ్గరగా ఉండగా ఈ చుట్టుతిరుగుడు ఖర్చు ఎందుకని జాఫ్నా టోకు వర్తకులు ప్రతి నివేదికలోనూ అడుగుతున్నారు. ఆ ప్రశ్న మాది కూడా.

ఏడాదికి పది టిక్కీలు పంపేవారికి ఈ సేవ అవసరం లేదు. అరువు మీద కంటైనర్ లెక్కన పంపేవారు తప్పక తీసుకోవలసినది. ముల్లైతీవు నుంచి కనీసం ఇద్దరిని చేర్చాలన్న షరతుతో నేను ఇంకో మూడు నెలలకు రుసుము కట్టాను. ఒక చేపల వ్యాపారి ఒప్పుకున్నారని, రెండో మనిషి కోసం చూస్తున్నారని నిన్న కార్యాలయం నుంచి ఫోన్ వచ్చింది.