మిగిలింది కాదు, ఎత్తిపెట్టింది: అయిదేళ్లుగా వాడుతున్న గాజు డబ్బాల గురించి

మా ఇంట్లో రాత్రి భోజనం ఒక్క పంక్తిలో జరగదు. తిరుపతిలో కొర్లగుంట వైపు ఉంటాం. నేను బడి నుంచి అయిదున్నరకి వస్తాను. అత్త ఏడున్నరకల్లా తినేసి మాత్ర వేసుకోవాలి. ఇంటర్ చదివే కూతురు ట్యూషన్ నుంచి ఎనిమిదిన్నరకి వస్తుంది, మా ఆయన మందుల షాపు కట్టేసి పదింబావుకి వస్తాడు. తొమ్మిదో తరగతి కొడుకు ప్రతి ఒక్కరి పక్కనా కూర్చుని కొంచెం కొంచెం తింటాడు. ఏడింటికి దించిన పప్పులో పది దాటేదాకా గరిటె పడుతూనే ఉండేది. చివరికి అడుగున గుప్పెడు మిగిలితే, దాన్ని స్టీలు గిన్నెలోకి వంచి ఫ్రిజ్‌లో వెనక్కి తోసేదాన్ని. మూడో రోజు మూత తీసి, వాసన చూసి, పారబోసేదాన్ని. కందిపప్పు కొనేటప్పుడు ధర చూసి గుండె గుబేలుమనేది గానీ పారబోయడం మాత్రం ఆగలేదు.

2020 డిసెంబరులో ఆరు గాజు డబ్బాల సెట్టు కొన్నాను. బోరోసిలికేట్ గాజు, నాలుగు వైపులా క్లిప్పులున్న ప్లాస్టిక్ మూత, మూత లోపల సిలికాన్ రబ్బరు. మూడు పెద్దవి, మూడు చిన్నవి.

మొదటి నెల అవి అలమారలోనే ఉండిపోయాయి. అత్త పడనివ్వలేదు. "మిగిలింది గొడ్డుకి పెట్టు మే, మనిషికి పెట్టొద్దు" అనేది. అలాగని ఆమె సద్ది తినని మనిషి కాదు. చంద్రగిరి దగ్గర పల్లెలో పుట్టి పెరిగింది. ఈరోజుకీ పొద్దున్నే మట్టిచట్టిలో సద్దన్నం, పెరుగు, ఒక ఎర్రగడ్డ ఉంటే ఆమెకు ఇంకేమీ అక్కర్లేదు. సద్ది వేరు, మిగిలింది వేరు ఆమె లెక్కలో. సద్దికని అన్నం ముందే చట్టిలో వేసి నీళ్లు పోస్తారు. మిగిలిన కూర అలా కాదు. తింటున్న చేత్తోనే ఎవరో గరిటె పట్టుకునుంటారు, కంచం మీద నుంచి ఒక చుక్క జారుంటుంది. అది ఎంగిలి. ఎంగిలిని ఫ్రిజ్‌లో పెడితే చల్లటి ఎంగిలి అవుతుందే తప్ప వేరే కాదు.

ఆ మాట నాకు నెల రోజులు కోపం తెప్పించింది, తర్వాత దారి చూపించింది.

ఒక మంగళవారం ఏడింటికి టమాటా పప్పు దించాను. అత్తకి కంచం పెట్టకముందే, ఇంకా ఆవిరి పోతున్న పప్పులోంచి రెండు గరిటెలు చిన్న డబ్బాలోకి తీశాను. పళ్లెంలో చల్లనీళ్లు పోసి డబ్బాని అందులో కూర్చోబెట్టాను. మూత వారగా పెట్టాను, ఆవిరి పోవాలి కదా. గాజు లోపలి వైపు చెమట పట్టి, కొద్దికొద్దిగా ఆరిపోయి, మళ్లీ పసుపురంగు తేటగా కనిపించేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. అప్పుడు క్లిప్పులు నొక్కి ఫ్రిజ్‌లో పెట్టాను. అత్త పీట మీద కూర్చుని అంతా చూస్తా ఉంది. మరుసటి రోజు రాత్రి అదే పప్పు వేడిచేసి, తెల్లగడ్డ, ఎండుమిరపకాయ వేసి కొత్తగా తిరగవాత పెట్టి ముందుంచితే తినింది. "అందరూ తిన్నాక అడుగున ఉండేది మిగిలింది. ఇది తినకముందే ఎత్తిపెట్టినావు గదా. ఇది రేపటిదే" అనింది.

అప్పట్నుంచి మా ఇంట్లో మిగిలింది అనే మాటే తగ్గిపోయింది. సోమవారం నుంచి గురువారం దాకా దించిన వెంటనే రేపటిది ఎత్తిపెట్టడం, ఆ తర్వాతే కంచాలు. రోజు విడిచి రోజు పూర్తి వంట, మధ్య రోజు అన్నం, ఒక చారు, ఎత్తిపెట్టిన కూర. బడి నుంచి వచ్చి పొయ్యి ముందు నిలబడే సమయంలో ముప్పావు గంట నాకు మిగులుతోంది. ఆ ముప్పావు గంట కూతురు తిన్నంతసేపూ పక్కన కూర్చుంటాను.

గాజు చేసిన మేలు ఇంకొకటి, ఇదే అన్నిటికన్నా పెద్దది: లోపల ఏముందో కనిపిస్తుంది. స్టీలు గిన్నెలో ఉన్నది ఎవరికీ గుర్తుండదు. డబ్బాలో వంకాయ పులుసు ఎర్రగా కనబడుతుంటే మా ఆయన తలుపు తీసి తనే తీసుకుంటాడు. కళ్లెదుట ఉన్న కూర మా ఇంట్లో రెండో రోజు దాటి నిలవలేదు.

ఏది నిలుస్తుందో ఏది నిలవదో అయిదేళ్లలో తెలిసింది. పులుసులు మరుసటి రోజుకే రుచి. చేపల పులుసైతే ఎత్తిపెట్టడానికే చేస్తాను, చింతపండు ముక్కకి పట్టాలంటే ఒక రాత్రి కావాలి. పప్పు గట్టిపడి గడ్డ కడుతుంది, వేడినీళ్లు పోసి చిదిమి పొయ్యి మీదే వేడిచేయాలి. మైక్రోవేవ్‌లో అంచులు ఎండి నడుమ చల్లగా ఉంటుంది. చెనిక్కాయల ఊరిబిండి, అంటే వేరుశనగ పచ్చడి, నీళ్లు తగలకుండా గట్టిగా నూరితే మూడు రోజులు ఉంటుంది. కొబ్బరి చట్నీ ఎత్తిపెట్టొద్దు. రాగిసంగటి డబ్బాలో పెడితే రాయి అవుతుంది. ముద్దని నీళ్లలో వేసి, పొద్దున మజ్జిగ పోసి పిసికి అంబలి చేసుకోవాలి. గంగమ్మ జాతర రోజుల్లో వీధిలో పోసే అంబలి రుచి తెలిసిన పిల్లలు దానికి వద్దనరు.

అన్నం విషయంలో నేను తప్పు చేశాను, అది చెప్పాలి. 2021 మే నెల. పెద్ద డబ్బా నిండా వేడి అన్నం కుక్కి, మూత బిగించి, మా ఆయన వచ్చాక లోపల పెడదాంలే అని గట్టు మీదే వదిలేశాను. పదకొండుకి ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున దాన్నే చిత్రాన్నం చేసి కొడుక్కి పెడితే మధ్యాహ్నానికల్లా వాంతులు. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న అన్నం ఎంతసేపు బయట ఉందని. అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. గోరువెచ్చగా ఉన్న అన్నంలో అవి మొలిచి విషం తయారుచేస్తాయి, ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. లోతైన డబ్బాలో కుక్కిన అన్నం నడుమ గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. ఇప్పుడు అన్నాన్ని వెడల్పు తట్టలో పరిచి ఆరబెట్టి, గంట లోపల ఫ్రిజ్‌లో పెడతాను. మరుసటి రోజు దాటితే తినం. 40 డిగ్రీలు దాటే మన ఎండల్లో ఇందులో నేను రాజీపడను. అత్త సద్దన్నం మాత్రం చట్టిలోనే. పెరుగు కలిపి పులవనిచ్చే ఆ పద్ధతికి మూత బిగించిన గాజు డబ్బా పనికిరాదు, ప్రయత్నించి చూశాను. ఎండాకాలంలో అది పిల్లలకు పెట్టను.

లోపాలు ఉన్నాయి. గాజు గట్టిది, మూతలు కావు. మూడో ఏడు రెండు మూతల క్లిప్పులు మడత దగ్గర విరిగాయి. మూతలు విడిగా అమ్మరని చెప్పారు, మొత్తం సెట్టు కొనుక్కోమన్నారు. మూత కోసం మంచి గాజుని పారేయమనడం నాకు చాలా బాధ కలిగించింది. ఆ రెండింటినీ చిన్న స్టీలు పళ్లెం మూసి వాడుతున్నాను. సిలికాన్ రబ్బరు కింద గాడిలో నల్లగా పడుతుంది. ప్రతి ఆదివారం స్పూను కాడతో రబ్బరు పైకి లాగి, వంటసోడాతో కడిగి నీడలో ఆరబెట్టాలి. ఇది చేయకపోతే పులుసు వాసన పాయసానికి పడుతుంది. బరువు కూడా ఎక్కువ, తడి చేతుల్లో అత్తకి పట్టు దొరకదు.

ఇంకొక మాట. బోరోసిలికేట్ మామూలు గాజు కన్నా వేడికి మూడో వంతే వ్యాకోచిస్తుంది, అందుకే ఇవి నిలిచాయి. తక్కువ ధరకి దొరికిందని తెచ్చిన మామూలు గాజు డబ్బా ఒకటి, ఫ్రిజ్‌లోంచి తీసి వేడి చారు పోయగానే టప్పుమని చీలింది. కొనేటప్పుడు పెట్టె మీద బోరోసిలికేట్ అని ఉందో లేదో చూడండి.

శుక్రవారం రాత్రి మాత్రం ఏదీ ఎత్తిపెట్టను. శనివారం మా ఆయనకీ అత్తకీ ఒక్కపొద్దు. ముందు రోజుది ఏదీ ముట్టరు, రాత్రికి ఉప్మానో ఇడ్లీనో. పెరటాసి అనే తమిళ నెలలో వచ్చే శనివారాలైతే ఇంకా గట్టిగా పాటిస్తారు. అందుకే శుక్రవారం బియ్యం కొలత అరపావు తగ్గిస్తాను. డబ్బాలన్నీ కడిగి బోర్లించి ఉంటాయి.

పోయిన నెల అత్త పల్లెకి, తన కూతురి ఇంటికి పోతూ మంచి మూతలున్న రెండు డబ్బాలు సంచిలో పెట్టుకుంది. "ఈడ వాళ్లు కూడా ఎత్తిపెట్టుకుంటారులే" అని ఫోన్ చేసింది, అవి తిరిగి రావు. నా దగ్గర నాలుగు ఉన్నాయి. ఈసారి కొనేది లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్నవి, మూత విడిగా దొరికేవి.