మజిల్‌లోడర్‌తో తొమ్మిది సీజన్లు: ఏ తూటా, ఎంత మందు

ముందే చెప్పేస్తున్నా, తుపాకీతో వచ్చిన పుస్తకంలో 150 గ్రెయిన్ల తుపాకీ మందు దాకా వేయొచ్చని ఉంది కదా (గ్రెయిన్ అంటే ఏమిటో కింద చెప్తాను) అని 150 వేయకండి. నేను వేశాను, రెండు సీజన్లు. ఆ రెండేళ్లలో నేర్చుకున్నదంతా వదిలించుకోవడానికి తర్వాత చాలా కాలం పట్టింది.

నేనుండేది ఒహాయోలో, కొలంబస్ పక్కన. వేటకు వెళ్లేది దక్షిణంగా హాకింగ్, వింటన్ కౌంటీల కొండల్లోకి. ఇక్కడ జనవరి మొదట్లో నాలుగు రోజులు మజిల్‌లోడర్ సీజన్ ఉంటుంది, అంటే మందూ తూటా రెండూ గొట్టం మూతి నుంచే దట్టించి కాల్చే తుపాకీలకు మాత్రమే. గ్రీన్ కార్డు వచ్చాక, హంటర్ కోర్సు పూర్తిచేసి, 2017 జనవరిలో మొదలుపెట్టాను. 2025 జనవరికి తొమ్మిది సీజన్లు, ఏడు జింకలు. మొదటిసారి వీడియో కాల్‌లో తుపాకీ చూపిస్తే మా నాన్న, "ఒరేయ్, ఇది మన మార్కాపురం వైపు నాటు తుపాకే కదరా, దీనికోసం అమెరికా పోవాలా?" అన్నారు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరమని ఆయనకూ తెలుసు, కానీ చిన్నప్పుడు చూసిన తుపాకీ గుర్తొచ్చి ఊరుకోలేకపోయారు. ర్యామ్‌రాడ్‌ను, అంటే మందూ తూటా దట్టించే కడ్డీని, ఆయన ఇప్పటికీ గజం అనే అంటారు.

నా తుపాకీ సివిఎ ఆప్టిమా, .50 క్యాలిబర్ (గొట్టం లోపలి వెడల్పు అర అంగుళం), 26 అంగుళాల గొట్టం, లోపలి మర (తూటాను తిప్పే మెలిక గాడులు) 28 అంగుళాలకు ఒక చుట్టు. ఈ మర సంగతి తెలియకుండా తూటాలు కొంటే డబ్బు దండగ. 28కి ఒక చుట్టు అంటే పొడుగు తూటాలకు, సాబోలకు (ప్లాస్టిక్ తొడుగు వేసిన తూటాలకు) సరిపోతుంది. గుడ్డ చుట్టి వేసే గుండ్రటి సీసపు గుండుకు నిదానమైన మర కావాలి, 60 అంగుళాలకో 66 అంగుళాలకో ఒక చుట్టు. 48 మర రెండింటికీ మధ్యస్తం.

గ్రెయిన్ అంటే కంసాలి గురివింద గింజలో సుమారు సగం ఎత్తు, పౌనుకు 7000. అయితే మజిల్‌లోడర్ వాళ్లు 100 గ్రెయిన్లు అన్నప్పుడు అది తూకం కాదు, కొలత. నల్లమందు (బ్లాక్ పౌడర్, పాతకాలపు తుపాకీ మందు) 100 గ్రెయిన్లు పట్టే కొలగొట్టంలో ఏ మందు పోసినా దాన్ని 100 అనే అంటారు. నేను వాడే బ్లాక్‌హార్న్ 209 అనే మందు ఆ కొలతకు త్రాసులో దాదాపు 70 గ్రెయిన్లే తూగుతుంది. త్రాసు మీద 100 తూచి పోస్తే అది ఓవర్‌లోడ్, చేతివేళ్లతో చెలగాటం. మామూలు రైఫిల్ తూటాల్లో వాడే పొగరాని మందునైతే ఇలాంటి తుపాకీ దగ్గరికే రానివ్వకండి, గొట్టం పగులుతుంది. (మా ఇంట్లో ఫోన్లో "మందు ఎంత పోశావ్, తొంభైయేనా?" అని మాట్లాడుతుంటే మా ఆవిడ పక్కింటి ఆంటీకి వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది, అది వేరే కథ.)

ఇక 2018 జనవరి సంగతి. 50 గ్రెయిన్ల పెల్లెట్లు (మందును గట్టిగా ఒత్తి చేసిన బిళ్లలు) మూడు, వాటి మీద ముందు గుంట ఉన్న 245 గ్రెయిన్ల మెత్తటి సీసం తూటా, పైన పల్చటి రాగి పూత. కంపెనీ పేరు చెప్పను, తప్పు తూటాది కాదు, దాన్ని అంత వేగంతో తోసిన నాది. సాయంత్రం నాలుగున్నరకు 35 గజాల్లో ఒక డో (ఆడ జింక) అడ్డంగా నిలబడింది. కాల్చాను. పొగ తేలేసరికి లేదు. మంచులో నాలుగు చుక్కల రక్తం, తర్వాత పది అడుగుల దాకా ఏమీ లేదు, మళ్లీ రెండు చుక్కలు. టార్చిలైట్ పట్టుకుని రాత్రి తొమ్మిది దాకా తిరిగాను. పొద్దున్నే మళ్లీ వెళ్తే 300 గజాల అవతల వాగు పక్కన పడి ఉంది, వెనక భాగం అప్పటికే కొయెట్లు (ఇక్కడి నక్కలాంటి జంతువులు) తినేశాయి. కోసి చూస్తే తూటా భుజం ఎముక దగ్గరే పేలాల్లా విచ్చుకుపోయింది, అవతలి పక్కకు వెళ్లనే లేదు. వేగం ఎక్కువైన కొద్దీ మెత్తటి తూటా తొందరగా పువ్వులా విచ్చుకుంటుంది, లోపలికి మాత్రం దిగదు. ఆ దూరంలో రెండు పెల్లెట్లతో కాల్చి ఉంటే ఆ సాయంత్రమే ఇంటికి తెచ్చుకునేవాణ్ణి. ఆ జంతువు రాత్రంతా ఎంత బాధపడిందో అని చాలా రోజులు నిద్ర పట్టలేదు.

ఆ తర్వాత పెల్లెట్లు మానేసి పొడి మందుకు వచ్చాను. 50 గ్రెయిన్ల పెల్లెట్లతో 100 నుంచి ఒకేసారి 150కి ఎక్కాలి, మధ్యలో ఏమీ లేదు, పొడి మందు అయితే ఐదేసి గ్రెయిన్లు పెంచుతూ చూడొచ్చు. నా తుపాకీలో బ్లాక్‌హార్న్ వాడాలంటే దానికోసం విడిగా అమ్మే బ్రీచ్‌ప్లగ్ (గొట్టం వెనక కొసను మూసే బిరడా) వేసుకోవాలి, అది మర్చిపోకండి. ఒక శనివారమంతా రేంజ్‌లో కూర్చుని 80 నుంచి 110 వరకు ఒక్కో మోతాదుకు మూడేసి గుళ్లు కాల్చాను. 110 దగ్గర 100 గజాల్లో మూడూ మూడున్నర అంగుళాల మేర చెదిరాయి, భుజం కూడా వాచింది. 90 దగ్గర రెండు అంగుళాల లోపే. మీ గొట్టానికి ఇదే నచ్చుతుందని నేను చెప్పలేను. పక్క బెంచీ పెద్దాయన దగ్గర నా తుపాకీలాంటిదే ఉంది, అది 100 కోరుతుంది. 90 కొలత అంటే త్రాసులో 63, కాబట్టి పది ఔన్సుల డబ్బాతో దాదాపు 69 గుళ్లు వస్తాయి. ఖరీదైన మందే, మధ్యలో ఒక ఏడాది దొరకలేదు కూడా. అయినా రెండు మూడు గుళ్లు కాల్చినా మధ్యలో గొట్టం తుడవక్కర్లేదు, ఆ ఒక్క సుఖానికే నేను దీన్ని వదల్లేదు. ట్రిపుల్ సెవెన్ అనే ఇంకో మందుతో అయితే తూటా కూర్చునే చోట గట్టిగా ఒక మసి వలయం కడుతుంది, తడి గుడ్డతో ప్రతి గుండుకూ తుడిస్తే ఇబ్బంది లేదు, తుడవకపోతే రెండో తూటా కిందిదాకా దిగదు.

తూటా పూర్తిగా దిగకపోవడం ఎంత ప్రమాదమో కొత్తవాళ్లకు అర్థం కాదు. మందుకూ తూటాకూ మధ్య ఖాళీ ఉంటే గొట్టం ఉబ్బొచ్చు, పగలొచ్చు. నా ర్యామ్‌రాడ్ మీద రెండు గీతలున్నాయి, ఒకటి ఖాళీ గొట్టానికి, ఇంకోటి పూర్తిగా నింపాక. గీత గొట్టం మూతి దగ్గరికి రాకపోతే ప్రైమర్ (మందును అంటించే చిన్న టోపీ) పెట్టను. ఒకసారి మందు పోయకుండానే తూటా దట్టించాను, ఆ గీతే పట్టిచ్చింది.

సాబో అంటే తూటా చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు. .45 తూటా .50 గొట్టంలో బిగుతుగా కూర్చోవడానికి అదే ఆధారం. గురి ఎందుకు కుదరడం లేదో తెలియకపోతే తూటాని తిట్టే ముందు బెంచీ ముందుకు నడిచి కింద పడ్డ తొడుగులు ఏరుకోండి. నావి 15, 20 గజాల్లో దొరికేవి. రేకులు నాలుగూ ఉమ్మెత్త పువ్వులా సమంగా విచ్చుకుని ఉంటే మంచిది. మొదట్లో నేను వాడినవాటికి ఒక రేకు ఊడిపోయేది, అడుగు కరిగి నల్లబడేది. తొడుగు మార్చాను, అదే తూటా, అదే మందు, గురి సగానికి సగం బాగుపడింది. చలి రోజు తొడుగులు చెక్కలా బిగుసుకుపోతాయి, అందుకే రెండోసారి నింపడానికి ఉంచుకునేవి జాకెట్ లోపలి జేబులో పెట్టుకుంటాను.

తూటాల్లో చివరికి రెండే మిగిలాయి. 2019 నుంచి మూడేళ్లు రాగి తొడుగున్న 300 గ్రెయిన్ల పిస్టల్ తూటా వాడాను. చవక, పనితనం బాగుంది, రెండు జింకలకూ అవతలి పక్కకు దూసుకెళ్లింది. కానీ ఒక ఆదివారం గోంగూరతో వండిన కూరలో మా అమ్మాయి పంటికింద మిరియం గింజంత సీసం ముక్క తగిలింది. సీసం తూటా ఎముకకు తగిలితే చిన్న ముక్కలు మాంసంలో దూరం దాకా వెళ్తాయని చదివాను గానీ కంచంలో చూడటం వేరు. ఆ రోజే మొత్తం రాగితో చేసిన బార్న్స్ టి-ఈజడ్, 290 గ్రెయిన్లు, ఆర్డర్ పెట్టాను. ఖరీదు ఎక్కువే, కాబట్టి సాధనకు పాతవి కాల్చి, సీజన్ ముందు రాగివి ఒక ఆరు కాల్చి గురి సరిచూసుకుంటాను. దీంతో మూడు జింకలు. మూడింటిలోనూ తూటా దూసుకెళ్లింది, ఏదీ 60 గజాలు దాటి పరిగెత్తలేదు, ఒకటైతే నిలబడ్డ చోటే కూలింది. 100 గజాలకు గురి పెడితే 150 దగ్గర ఆరేడు అంగుళాలు కిందికి దిగుతుంది. నేను 120 దాటి కాల్చను, మా కొండల్లో చెట్ల మధ్య అంతకన్నా కనపడదు కూడా.

ఒక్క లోపం చెప్పాలి, అది నా బద్ధకం వల్లే. బ్లాక్‌హార్న్ వాడితే బ్రీచ్‌ప్లగ్‌లో నిప్పు వెళ్లే సన్నటి దారిలో కార్బన్ గట్టిపడుతుంది. నీళ్లతో కడిగితే పోదు. 2021లో కొమ్ములకు ఎనిమిది కొనలున్న బక్ (మగ జింక) 50 గజాల్లో తల వంచుకుని నిలబడి ఉంటే మీట నొక్కాను, టప్ అని ప్రైమర్ మాత్రం పేలింది. అది తల ఎత్తి నన్ను చూసి, తాపీగా దిగి వెళ్లిపోయింది. తుపాకీ మూతి నేలవైపు పెట్టి ఒక నిమిషం కదలకుండా కూర్చున్నాను, మందు ఆలస్యంగా అంటుకోవచ్చు కాబట్టి. ఇప్పుడు ప్రతి సాయంత్రం 1/8 అంగుళం డ్రిల్ బిట్‌ను వేళ్లతోనే తిప్పి ఆ దారి గీరుతాను, నల్లటి పొడి కొంచెం రాలుతుంది. మిషన్‌కు బిగించకండి, రంధ్రం పెద్దదవుతుంది.

ఫ్లింట్‌లాక్ (చెకుముకి రాయి నిప్పురవ్వతో పళ్లెంలోని మందును అంటించే పాతరకం తుపాకీ) తీసుకోవాలని మా పిట్స్‌బర్గ్ బావ రెండేళ్లుగా ఊదరగొడుతున్నాడు. పెన్సిల్వేనియాలో క్రిస్మస్ తర్వాత ఫ్లింట్‌లాక్‌లకే ప్రత్యేకంగా సీజన్ ఉంది. ఆయన .490 గుండుకు గుడ్డ చుట్టి 80 గ్రెయిన్ల నల్లమందుతో కాలుస్తాడు. గుండు బరువు 177 గ్రెయిన్లే, అయినా 50 గజాల లోపు జింకకు అది చాలు. ఒకసారి ఆయన తుపాకీ నేను కాల్చి చూస్తే, మీట నొక్కాక పళ్లెంలో మందు భగ్గుమనేసరికి నేను కళ్లు మూసుకున్నాను, గుండు చెట్టుకు తగిలింది. "నీకు పెల్లెట్ల అలవాటు ఇంకా పోలేదు బావా" అన్నాడు.

నా డబ్బాలో రాగివి పదకొండు మిగిలాయి. అక్టోబర్‌లో ఆరు రేంజ్‌కు పోతే, జనవరికి ఐదు.